బాస్ టోర్నమెంటుకు దిగాలంటే: 510 నిమిషాలు, 5 చేపలు

బాస్ అంటే అమెరికా మంచినీళ్లలో దొరికే వేటాడే చేప. బాస్ టోర్నమెంటు అనగానే మనవాళ్ల నోట వచ్చే మొదటి మాట "పులుసుకు ఎన్ని తెచ్చారు?" ఒక్కటీ ఉండదు. పట్టిన చేపను బోటులోని తొట్టిలో రోజంతా బతికించి, ఒడ్డుకు తెచ్చి తూయించి, మళ్లీ నీళ్లలో వదిలేయడమే ఈ ఆట. 1967లో ఆర్కన్సా రాష్ట్రంలోని బీవర్ లేక్ మీద రే స్కాట్ తన మొదటి పెద్ద పోటీ పెట్టినప్పుడు ఈ పద్ధతి లేదు. 1972లో ఆయనే తన బి.ఏ.ఎస్.ఎస్. (బాస్ గాలగాళ్ల సంఘం) పోటీల్లో పట్టిన చేపను చంపొద్దనే నినాదం ఎత్తుకున్నాడు. ఇప్పుడు చచ్చిన చేప తెస్తే తూకంలో కోత పడుతుంది.

డాలస్ చుట్టుపక్కల ఉంటూ లూయిస్‌విల్, రే రాబర్ట్స్, లేక్ ఫోర్క్ లాంటి జలాశయాల్లో వారాంతాల్లో గాలం వేస్తూ, ఒకసారి పోటీకి దిగుదామా అని ఊగిసలాడుతున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. అందుకే నియమాలన్నీ టెక్సాస్‌వి. ఏ లూర్ (ఉత్తుత్తి ఎర) వాడాలో చెప్పడానికి యూట్యూబు నిండా మనుషులున్నారు. కానీ మొదటి రెండు సీజన్లలో మనల్ని ఓడగొట్టేది లూర్ కాదు. గడియారం, ముడి, తొట్టి. ఈ మూడూ చేతిలో ఉంటే మామూలు లూర్లతోనే పట్టికలో సగానికి పైన ఉండొచ్చు.

గడియారం

ఉదయం 6:30కి టేకాఫ్, మధ్యాహ్నం 3 గంటలకు తూకం అనుకుందాం. మొత్తం 510 నిమిషాలు. మీ చోటు 25 మైళ్ల దూరంలో ఉంటే, మెల్లగా వెళ్లాల్సిన నో-వేక్ ప్రాంతాలు కూడా కలుపుకుని, వెళ్లడానికి 35 నిమిషాలు, రావడానికి 35. మిగిలింది 440. రోజులో నాలుగు చోట్లు మారితే, ప్రతిసారీ రాడ్లు కట్టేయడం, ట్రోలింగ్ మోటార్ (గాలం వేసేటప్పుడు బోటును మెల్లగా నడిపే కరెంటు మోటారు) ఎత్తడం, పరుగు, మళ్లీ దించడం కలిపి 7, 8 నిమిషాలు. ఇంకో అరగంట పోయింది. మిగిలిన 410 నిమిషాల్లో ఒక్కో విసురుకు, చుట్టుకోవడానికి 45 సెకన్లు వేసుకుంటే రమారమి 550 విసుర్లు. రోజు మొత్తానికి మీ దగ్గరున్న పెట్టుబడి అంతే.

ఇప్పుడు ఖర్చులు చూడండి. రీల్ మీద లైను ఒక్కసారి గట్టిగా చిక్కుపడితే నాలుగు నిమిషాలు, అంటే అయిదారు విసుర్లు. లూర్ మార్చి ముడి వేయడానికి రెండు నిమిషాలు. పెట్టెలో ప్లాస్టిక్ పురుగుల సంచీ వెతుక్కోవడానికి ఇంకో రెండు. అందుకే ఆరితేరినవాళ్ల డెక్ మీద ఎనిమిదేసి రాడ్లు కనిపిస్తాయి. అది దర్జా కాదు, ముందు రాత్రే ముడులన్నీ వేసుకుని రావడం.

ఆలస్యానికి మామూలుగా ఉండే శిక్ష నిమిషానికి ఒక పౌను. 15 నిమిషాలు దాటితే ఆ రోజు తూకమంతా పోయినట్టే. అయిదు చేపలకు 12 పౌన్లు తెచ్చినవాడు 4 నిమిషాలు ఆలస్యమైతే 8తో నిలబడతాడు. పైగా టెక్సాస్ జలాశయాల మీద మధ్యాహ్నానికి గాలి లేవడం మామూలే. పొద్దున అద్దంలా ఉన్న నీళ్ల మీద 55 మైళ్ల వేగంతో వెళ్లిన బోటు, మూడడుగుల అలల మీద 20 కూడా దాటదు. తిరుగు ప్రయాణానికి వెళ్లినప్పుడు పట్టిన సమయం కాక ఇంకో 20 నిమిషాలు పక్కన పెట్టండి. ఆ చివరి 20 నిమిషాలు బోట్లు దించే ర్యాంపు దగ్గరి రాళ్ల గట్టు మీద గాలం వేసుకుంటే వృథా కాదు. పోయిన వారం పోటీలో వదిలేసిన చేపల్లో కొన్ని ఆ చుట్టుపక్కలే తిరుగుతుంటాయి.

ఇంధనం లెక్క కూడా ఇక్కడే చూసుకోవాలి. 250 హార్స్‌పవర్ ఇంజను పూర్తి వేగంతో గంటకు 20 నుంచి 25 గాలన్లు తాగుతుంది.

బోటు కొనకుండా మొదలుపెట్టడం

నా మాట వింటే, మొదటి ఏడాది బోటు కొనొద్దు. పేరున్న కంపెనీ కొత్త ఫైబర్‌గ్లాస్ బోటు, ఇంజను, ట్రైలరు, నీటి అడుగును చూపే సోనార్ తెరలు అన్నీ కలిపితే 80 వేల డాలర్లు సులువుగా దాటుతుంది. దాన్ని లాగడానికి ట్రక్కు వేరే. ఇంత పెట్టాక "నాకిది పడదు" అని తెలుసుకోవడం కష్టమైన పాఠం.

రెండు దారులున్నాయి. ఒకటి కో-యాంగ్లర్‌గా చేరడం. ఎం.ఎల్.ఎఫ్. (మేజర్ లీగ్ ఫిషింగ్) వాళ్ల బి.ఎఫ్.ఎల్. (బాస్ ఫిషింగ్ లీగ్) వారాంతపు పోటీల్లోనూ, చాలా బి.ఏ.ఎస్.ఎస్. నేషన్ క్లబ్బుల్లోనూ బోటు ఉన్నవాడికీ లేనివాడికీ చీటీలు తీసి జత కలుపుతారు. బోటువాడు ముందు డెక్ మీద నిలబడి ఎక్కడికి వెళ్లాలో తేలుస్తాడు, మీరు వెనక డెక్ మీద. ఎంట్రీ ఫీజు బోటువాడికంటే తక్కువ. పోటీ కో-యాంగ్లర్లతోనే. మీ చేపల పరిమితి ఎంతో రూల్ షీటులో చూసుకోండి, కొన్ని చోట్ల 5, కొన్ని చోట్ల 3.

వెనక నిలబడేవాడికి ముందువాడు వదిలేసిన నీళ్లే దొరుకుతాయి. ముందువాడు స్పిన్నర్‌బెయిట్ (తిరిగే రేకులున్న లూర్) వేగంగా లాగుతుంటే మీరూ అదే వేస్తే అతను వడకట్టిన నీళ్లలో వేస్తున్నట్టు. అతను వేగంగా వెళ్తే మీరు నెమ్మదిగా అడుగున, అతను ఒడ్డుకు వేస్తే మీరు బోటుకు అటువైపు లోతులో. అయిదు రాడ్లు, ఒక చిన్న సంచీ, వాన కోటు, లైఫ్ జాకెట్, ఇంధనంలో మీ వాటా నగదు. అంతకంటే ఎక్కువ సామాను తెస్తే బోటువాడి ముఖం మారుతుంది. ముందు రాత్రి ఫోన్ చేసి ఎన్ని గంటలకు, ఏ ర్యాంపు దగ్గర అని మీరే అడగండి. వెళ్లాక ట్రైలరు దించడంలో సాయం చేయండి. ఎనిమిది గంటలు మంచి ఆటగాడి వెనక నిలబడి అతను ఏ చోటు ఎప్పుడు వదిలేస్తున్నాడో గమనించడమే మీ అసలు చదువు.

రెండో దారి కయాక్. ఇక్కడ తొట్టీ లేదు, తూకమూ లేదు. చేపను కొలబద్ద మీద పెట్టి ఫోటో తీసి, ఫోన్ యాప్‌లో ఎక్కించి, వెంటనే వదిలేస్తారు. అయిదు పెద్ద చేపల పొడవు అంగుళాల్లో కూడి విజేతను తేలుస్తారు. పొడవును పావు అంగుళానికి కిందికి దించి లెక్కిస్తారు, అంటే 17.6 ఉన్నా 17.5 మాత్రమే. ఇక్కడ కొత్తవాళ్లు చేపలు పట్టలేక కాదు, ఫోటోలు చెల్లక ఓడిపోతారు. మూతి కొలబద్ద ఎడమ అంచున ఉన్న అడ్డకు తగలాలి, నోరు మూసి ఉండాలి, ఆ రోజు ఉదయం ఇచ్చిన గుర్తింపు కోడ్ ఫోటోలో స్పష్టంగా కనిపించాలి, చెయ్యి మొప్పల కింద దూరకూడదు, తోక కొస అంకెను కప్పకూడదు. తడి కొలబద్ద మీద చేపను పెట్టి కన్ను అరచేత్తో మూస్తే రెండు మూడు సెకన్లు కదలకుండా ఉంటుంది. ఆలోపే నాలుగు ఫోటోలు. నీళ్లలో వదిలే ముందే ఫోన్‌లో పెద్దది చేసి చూసుకోండి, వదిలాక ఇంకో ఫోటో దొరకదు.

రాడ్లు, ముడులు

మన తెలుగు దేశంలో కొరమీను పట్టినవాళ్లకు ఒక సంగతి ముందే తెలుసు. కొరమీను తెలంగాణ రాష్ట్ర చేప. నాచు మీద రబ్బరు కప్పను గెంతించి దాన్ని పట్టినవాడికి, హైడ్రిల్లా అనే నాచు పరుపు మీద బాస్‌ను పట్టడానికి పాఠం అక్కర్లేదు. కప్ప అదే, 50 నుంచి 65 పౌన్ల లాగుడును తట్టుకునే అల్లిక లైను అదే, తప్పు కూడా అదే: నీళ్లు చిమ్మగానే లాగేయడం. చేప కప్పను లోపలికి లాక్కుని, లైను బరువెక్కిందాకా ఆగాలి. అర సెకను అంతే, కానీ చెయ్యి ఆ అర సెకను ఆగదు.

అయిదు రాడ్లతో ఏడాది పొడవునా గడపొచ్చు. కప్పకు 7 అడుగుల 3 అంగుళాల హెవీ, అంటే బాగా బిరుసు రాడ్. టెక్సాస్ రిగ్‌కు (ఎర కట్టే ఒక పద్ధతి, కింద చెప్తాను) 7 అడుగుల 1 అంగుళం మీడియం హెవీ, 16 లేదా 17 పౌన్ల ఫ్లోరోకార్బన్ (ఒంటిపోగు ప్లాస్టిక్ లైను), 7:1 రీల్, అంటే పిడి ఒక్క చుట్టుకు లైను చుట్టుకునే స్పూల్ ఏడు చుట్లు తిరిగేది. స్పిన్నర్‌బెయిట్, లిప్‌లెస్ క్రాంక్‌బెయిట్‌లకు (చేప ఆకారపు గట్టి లూర్లు) 7 అడుగుల మీడియం హెవీ, 15 పౌన్ల లైను. లోతుకు దిగే క్రాంక్‌బెయిట్‌కు మీడియం, మధ్యదాకా వంగే రాడ్, 10 లేదా 12 పౌన్ల లైను, నెమ్మదిగా చుట్టే 5:1 లేదా 6:1 రీల్. మూడు ముళ్ల కొక్కేలు పెదవిని పైపైనే పట్టుకుంటాయి కాబట్టి బిరుసు రాడ్‌తో లాగితే చీరుకుని చేప పోతుంది. ఆఖరిది స్పిన్నింగ్ రాడ్: 2500 సైజు రీల్, 10 లేదా 15 పౌన్ల అల్లిక లైను, దాని కొసకు 7 అడుగుల పొడవు 8 పౌన్ల ఫ్లోరోకార్బన్. చిన్న ఎరను నెమ్మదిగా ఆడించే డ్రాప్‌షాట్, వాకీ రిగ్, నెడ్ రిగ్ పద్ధతులు మూడూ దీనితోనే. చేపలు నోరు మూసుకున్న రోజున పరువు కాపాడేది ఇదే.

మొదటి నాలుగు రాడ్ల మీద ఉండే బెయిట్‌కాస్టింగ్ రీల్ (విసిరినప్పుడు స్పూల్ గిర్రున తిరిగేది) చిక్కుపడడానికి కారణం ఒక్కటే, లూర్ ముందుకు వెళ్లే వేగం కంటే స్పూల్ తిరిగే వేగం ఎక్కువ కావడం. రాడ్‌ను అడ్డంగా పట్టుకుని బటన్ నొక్కి లూర్‌ను వదలండి. అది నెమ్మదిగా దిగి నేలకు తగిలిన క్షణంలోనే స్పూల్ ఆగేలా పక్కనున్న టెన్షన్ నాబ్ బిగించండి. బ్రేకు పది దాకా ఉంటే ఏడు దగ్గర మొదలుపెట్టి, చెయ్యి కుదిరేకొద్దీ దించండి. లూర్ బరువు మారిన ప్రతిసారీ ఇది మళ్లీ చేయాలి. ఎదురుగాలికి విసిరేటప్పుడు ఎత్తుగా కాకుండా పక్కనుంచి కిందుగా విసరండి.

ఒక్క రిగ్ మాత్రమే నేర్చుకుంటానంటే టెక్సాస్ రిగ్ నేర్చుకోండి. తూటా ఆకారంలో ఉండే టంగ్‌స్టన్ గుండు, 3/16 లేదా 1/4 ఔన్సు, ముందుగా లైనుకు ఎక్కించాలి. సన్న కొస పైకి, రాడ్ వైపు. తర్వాత 3/0 లేదా 4/0 సైజు ఆఫ్‌సెట్ (మెడ దగ్గర మెలిక ఉన్న) కొక్కెం ముడి వేయాలి. ప్లాస్టిక్ పురుగు తల మధ్యలో కొక్కెం ముల్లు గుచ్చి, పావు అంగుళం లోపలికి వెళ్లాక పక్కకు బయటికి తీయండి. కొక్కేన్ని దాని వంపుదాకా లాగి, సగం తిప్పి, కన్ను భాగం తల లోపలికి దూరేలా చేయండి. ఇప్పుడు కొక్కెం పక్కనే పురుగును వేలాడదీసి, వంపు అడుగు ఎక్కడ తగులుతుందో గోరుతో గుర్తు పెట్టి, పురుగును కాస్త పైకి తోసి ఆ గుర్తు దగ్గర ముల్లును ఇటునుంచి అటు దూర్చండి. చివరగా ముల్లు కొసను ప్లాస్టిక్ చర్మం కిందికి ఇంతే ఇంత దాచండి, నాచుకు తగలకుండా.

పురుగు తిన్నగా ఉండాలి. ఎక్కడైనా గుత్తిలా ముడుచుకుంటే నీళ్లలో గిర్రున తిరిగి లైనంతా మెలిపడుతుంది. మెలిపడిన లైను రీల్‌లో చిక్కు అవుతుంది. గోరు గుర్తు రెండు మిల్లీమీటర్లు తప్పితే ఇదంతా.

సీసం కంటే టంగ్‌స్టన్ ఖరీదు చాలా ఎక్కువ. అయినా ఇక్కడ పిసినారితనం పనికిరాదు. అదే బరువుకు సైజు చిన్నది, గట్టిది, అడుగున రాయి తగిలితే టక్కుమని, బురదైతే మెత్తగా చేతికి తెలుస్తుంది. నాచులో వేస్తే గుండును చిన్న రబ్బరు బిరడాతో కదలకుండా బిగించండి, లేకపోతే గుండు నాచులోంచి దిగిపోయి పురుగు పైనే వేలాడుతుంది. బట్టబయలు అడుగు మీదైతే వదులుగా ఉంచండి.

ముడికి పాలోమార్ చాలు. లైను మడిచి రెండు పోగులుగా కన్నులోంచి దూర్చి, వదులుగా ఒక ముడి వేసి, ఉచ్చులోంచి కొక్కేన్ని దాటించి లాగడమే. బిగించే ముందు ఉమ్మితో తడపాలి. పొడిగా బిగిస్తే ఫ్లోరోకార్బన్ రాపిడికి వేడెక్కి అక్కడే బలహీనమవుతుంది, కంటికి కనిపించదు. ఒక చేప పట్టాక చివరి రెండడుగుల లైను వేళ్ల మధ్య నడపండి. గరుకు తగిలిందా, కోసి మళ్లీ వేయండి. లేక్ ఫోర్క్ నిండా మునిగిపోయిన చెట్ల మోడులున్నాయి, అక్కడైతే గరుకు తగలకపోయినా కోయడమే మేలు. రెండు నిమిషాలు పోతాయని బద్ధకించినచోటే ఆరు పౌన్ల చేప తెగిపోతుంది.

ప్రాక్టీసు

పోటీకి ముందు రోజు చేపలు పట్టడం ప్రాక్టీసు కాదు. చేపలున్నాయో లేవో తెలుసుకోవడం ప్రాక్టీసు. కొక్కెం ముల్లును ప్లయర్‌తో లోపలికి వంచేయండి, లేదా ముల్లు మీద రబ్బరు గొట్టం ముక్క ఎక్కించండి. చేప పట్టి లాగుతుంది, తెలుస్తుంది, వదిలేస్తుంది. నిజంగా పట్టి పైకి తీసిన చేప మర్నాడు పొద్దునకే మళ్లీ కరుస్తుందని భరోసా లేదు. ఒక చోట రెండు కాట్లు తగిలితే వెళ్లిపోండి. మూడోది చూడాలనే దురదే రేపటి చేపను పాడుచేస్తుంది.

రాసుకోవాల్సింది "ఫలానా కయ్యలో చేపలున్నాయి" అని కాదు. ఎంత లోతు, అడుగు ఏమిటి, నీటి ఉష్ణోగ్రత ఎంత, గాలి ఏ వైపు, కాటు లూర్ దిగుతుండగా తగిలిందా లాగుతుండగా తగిలిందా. ఎనిమిది అడుగుల లోతులో, గులకరాళ్ల మొన మీద, గాలి కొట్టే వైపు రెండు కాట్లు పడితే, మ్యాపులో అలాంటి మొనలు ఇంకో ఆరు వెతకండి. అప్పుడు మీ మొదటి చోటులో ఇంకో బోటు ముందే నిలబడి ఉన్నా కంగారుండదు.

ఉత్తర టెక్సాస్‌లో కాలాన్ని స్థూలంగా ఇలా చూడొచ్చు. ఫిబ్రవరిలో నీళ్లు 55 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు వస్తుంటే గుడ్లు పెట్టబోయే పెద్ద ఆడ చేపలు నాచు అంచులకు వస్తాయి, ఎర్రటి లిప్‌లెస్ క్రాంక్‌బెయిట్ రోజులవి. 60 దాటాక మార్చి, ఏప్రిల్‌లలో గూళ్ల మీద. మేలో తెల్లవారుజామున బాస్‌కు ఆహారమైన షాడ్ చేపలు గట్ల వెంట గుడ్లు పెట్టే గంటసేపు పండగే. జూన్ నుంచి ఆగస్టు దాకా లోతు గుట్టలు, మునిగిన పొదలు. ఎండాకాలంలో సోనార్ తెర మీద ఒక లోతు దగ్గర మసక గీత కనిపిస్తుంది. దాని కింద ఆక్సిజన్ ఉండదు, అక్కడ ఎంత అందమైన పొద ఉన్నా దండగే. శరదృతువులో షాడ్ వెంట వాగుల్లోకి.

బోటు ముందున్న చేపల్ని అప్పటికప్పుడు తెర మీద చూపించే, ముందుకు చూసే సోనార్ గురించి గొడవలు తెగవు. 2025లో ఎం.ఎల్.ఎఫ్. తన పై స్థాయి పోటీల్లో రోజులోని మూడు భాగాల్లో ఒక్కదానిలోనే దాన్ని వాడనిచ్చింది. కొత్తవాళ్లు దానికి వేల డాలర్లు పోయకముందు మామూలు సైడ్ ఇమేజింగ్ (బోటుకు రెండు పక్కలా అడుగును చూపే సోనార్) చదవడం నేర్చుకోండి. చెరో వైపు 60, 70 అడుగుల పరిధి పెట్టి, నాలుగు మైళ్ల వేగంతో తిన్నగా నడపండి. మలుపు తిరిగితే బొమ్మ సాగిపోతుంది. గట్టి అడుగు తెల్లగా, బురద ముదురుగా కనిపిస్తుంది. వస్తువు కంటే దాని నీడే ఎక్కువ చెప్తుంది.

ప్రాక్టీసు ముగిశాక బయటివాళ్ల దగ్గర చేపల జాడ అడగడం చాలా సర్క్యూట్లలో నేరమే. కూపీ ఎప్పటి నుంచి ఆపాలో రూల్ షీటులో తేదీ ఉంటుంది.

తొట్టి

ఎక్కువమంది తేలిగ్గా తీసుకునేది దీన్నే, నేను ఎక్కువ రాయాలనుకున్నదీ దీని గురించే. ఆగస్టులో నీళ్లు 85 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర ఉంటాయి. వెచ్చటి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ నిలుస్తుంది, అదే వేడికి చేపకు ఎక్కువ ఆక్సిజన్ కావాలి. 30 గాలన్ల తొట్టిలో 15 పౌన్ల చేపలు వేసి పంపును టైమర్ మీద వదిలేస్తే, పంపు ఆగిన నిమిషాల్లోనే అవి ఉక్కిరిబిక్కిరవుతాయి. మొదటి చేప పడ్డప్పటి నుంచి పంపు ఆగకుండా నడవాలి.

ఐస్ వేయండి, కానీ లెక్కగా. 8 పౌన్ల ఐసు దిమ్మ 30 గాలన్ల నీళ్లను అయిదారు డిగ్రీలు చల్లబరుస్తుంది. గాలన్ పాల డబ్బాలో నీళ్లు పోసి గడ్డకట్టిస్తే దిమ్మ 8 పౌన్లకు కాస్త ఎక్కువే వస్తుంది. మూత బిగించి అలాగే తొట్టిలో పడేస్తే కుళాయి నీళ్ల క్లోరిన్ కూడా చేపకు తగలదు. రోజుకు అలాంటివి మూడు చాలు. 10 డిగ్రీలకు మించి చల్లబరిస్తే, తూకం తర్వాత మళ్లీ వేడి నీళ్లలో పడ్డప్పుడు చేప తట్టుకోలేదు. అయోడిన్ లేని ఉప్పు 5 గాలన్లకు మూడో వంతు కప్పు, అంటే ఈ తొట్టికి 2 కప్పులు. ఇంట్లో వాడే అయోడైజ్డ్ ఉప్పు వద్దు.

బయటి నీళ్లు తోడే పంపు నడుస్తుంటే ఈ ఐసూ ఉప్పూ కొట్టుకుపోతాయి. అందుకే తొట్టి నిండాక, చల్లబరిచాక, అదే నీళ్లను తిప్పే రీసర్క్యులేషన్‌కు మార్చాలి. రెండు మూడు గంటలకోసారి సగం నీళ్లు తీసి కొత్తవి నింపి, ఐసు, ఉప్పు మళ్లీ ఆ మేరకు వేయాలి. చేపల మలినం పేరుకుంటుంది కదా. ఇంకొక ప్రమాదం పరుగులో వస్తుంది. బోటు వేగం అందుకుని ముక్కు పైకి లేస్తే, నీళ్లు తోడే రంధ్రానికి గాలే దొరుకుతుంది, పంపు తిరుగుతున్న చప్పుడు వస్తున్నా తొట్టిలో చుక్క పడదు. నీళ్లు బయటికి పోయే కవాటం తెరిచి ఉంటే ఉన్నవి కూడా జారిపోతాయి. అది మూసి, రీసర్క్యులేషన్ పెట్టి, అప్పుడు బయలుదేరండి. అరగంట పరుగైతే మధ్యలో ఒకసారి ఆగి మూత ఎత్తి చూడండి.

25, 30 అడుగుల లోతు నుంచి తెచ్చిన చేప గాలితిత్తి ఉబ్బి వెల్లకిలా తేలుతుంది. సూదితో గాలి తీయడం ఒక పద్ధతి, కింది రెక్కలకు చిన్న బరువు క్లిప్పులు తగిలించి నిలబెట్టడం ఇంకోటి. సూది పని వీడియో చూసి నేర్చుకోకండి. క్లబ్బులో తెలిసినవాడి పక్కన నిలబడి నేర్చుకోండి, గుండెకో కాలేయానికో తగిలితే చేప పోతుంది.

అయిదు చేపలు నిండాక ఆరోది పడితే చిన్నదాన్ని వదలాలి. దీన్నే కల్ అంటారు. ప్రతి చేపకూ పెదవిని గుచ్చని రంగు క్లిప్పు తగిలించి, తూచి, తొట్టి మూత మీద పెన్సిలుతో రాసుకోండి: ఎరుపు 1 పౌను 14 ఔన్సులు, నీలం 2 పౌన్ల 3. ఆరోది రాగానే ఏ రంగు పోవాలో తెలిసిపోతుంది. అలా రాసుకోనివాడు అయిదు చేపల్నీ ఒక్కొక్కటే బయటికి తీసి చూస్తుంటాడు. నాలుగు నిమిషాలూ పోయాయి, చేపల జిగురూ పోయింది.

తూకం సంచీలో చేపలు రెండు నిమిషాలకు మించి ఉండకూడదు. సంచీని సగం దాకా తొట్టి నీళ్లతోనే నింపండి. వరస పొడుగ్గా ఉంటే చేపల్ని తొట్టిలోనే ఉంచి, మీ వంతు దగ్గర పడ్డాకే సంచీలోకి మార్చండి. ఫోటో కోసం అయిదు పౌన్ల చేపను ఒక్క దవడ పట్టుకుని అడ్డంగా వేలాడదీయకండి, దవడ జారుతుంది. రెండో చేత్తో పొట్ట కింద పట్టుకోండి, ఆ చెయ్యి తడిగా ఉండాలి.

కొలత, చట్టం

టెక్సాస్‌లో లార్జ్‌మౌత్ బాస్‌కు మామూలు కనీస పొడవు 14 అంగుళాలు. నోరు మూసి, తోక రెండు కొసలూ దగ్గరికి నొక్కి కొలవాలి. 14 అంగుళాల చేప పౌనున్నరకు కాస్త అటూ ఇటూ తూగుతుంది. పొట్టి చేపను తూకానికి తెస్తే చాలా చోట్ల అది లెక్కలోకి రాకపోగా ఇంకో పౌను కోస్తారు. అనుమానం ఉన్న చేపను ఉంచుకోవడం నష్టం బేరం. లేక్ ఫోర్క్‌లో ఇంకో మెలిక ఉంది. 16 నుంచి 24 అంగుళాల మధ్య ఉన్న బాస్‌ను ఉంచుకోకూడదు, 24 దాటింది రోజుకు ఒక్కటే. అందుకే అక్కడ పెద్ద పోటీలు వేరే పద్ధతిలో తూచడానికి ఏర్పాటు చేసుకుంటాయి. మామూలు క్లబ్బు పోటీ అయితే 15 ముప్పావు అంగుళాల చేపే బంగారం.

లైసెన్సు టెక్సాస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ వాళ్లది. స్థానికుల ధర కావాలంటే రాష్ట్రంలో ఆరు నెలలు ఉండాలి. 1993 సెప్టెంబరు 1న లేదా ఆ తర్వాత పుట్టినవాళ్లు 15 హార్స్‌పవర్ దాటిన బోటు నడపాలంటే బోటర్ ఎడ్యుకేషన్ సర్టిఫికెట్ ఉండాలి. ఇంజను ఆపే కిల్ స్విచ్ తాడును ఒంటికి తగిలించుకోవడం 2021 ఏప్రిల్ 1 నుంచి ఫెడరల్ నియమం. పోటీల్లో పెద్ద ఇంజను నడుస్తున్నంతసేపూ లైఫ్ జాకెట్ కూడా. మోసం సంగతి చెప్పనక్కర్లేదు కానీ, టెక్సాస్‌లో టోర్నమెంటు మోసం చట్టరీత్యా నేరం. బహుమతి 10 వేల డాలర్లు, ఆపైన ఉంటే అది ఫెలొనీ, అంటే తీవ్రమైన నేరం. అబద్ధాన్ని పసిగట్టే పాలిగ్రాఫ్‌కు ఒప్పుకుంటూ ఎంట్రీ ఫారం మీదే సంతకం పెడతారు.

వీసా మీద ఉన్నవాళ్లు నగదు బహుమతి తీసుకునే ముందు ఇమ్మిగ్రేషన్ లాయరుతో ఒక మాట మాట్లాడండి. పన్ను ఎలాగూ కట్టాల్సిందే.

పిల్లలకు ఆసక్తి ఉంటే దారి ఇంకా తేలిక. ఇల్లినాయ్ 2009లో, కెంటకీ 2013లో హైస్కూలు స్థాయిలో బాస్ ఫిషింగ్‌ను రాష్ట్ర పోటీల్లో చేర్చాయి. టెక్సాస్‌లోనూ హైస్కూలు జట్ల పోటీలు జోరుగా జరుగుతాయి. ఇద్దరు పిల్లలు ఒక జట్టు, బోటు నడిపే పెద్దాయన కెప్టెన్. కెప్టెన్ గాలం వేయకూడదు. నాన్నలకు అదే పెద్ద పరీక్ష.

మోటెల్లో ప్లగ్గు, బోటుకు ప్లగ్గు

మధ్యాహ్నం ఒంటి గంటకు ట్రోలింగ్ మోటార్ చచ్చిపోతే దాని కారణం దాదాపు ఎప్పుడూ ముందు రాత్రిదే. 36 వోల్టుల మోటారుకు మూడు 12 వోల్టుల బ్యాటరీలు కావాలి, అవి నిండడానికి రాత్రంతా పడుతుంది. బయట కరెంటు ప్లగ్గు ఉందా అని మోటెల్ బుక్ చేసేటప్పుడే అడగండి. 100 అడుగుల లావు ఎక్స్‌టెన్షన్ తీగ వెంట ఉంచుకోండి. సన్న తీగైతే అంత దూరానికి వోల్టేజి పడిపోయి తీగ వేడెక్కుతుంది, తెల్లారేసరికి బ్యాటరీలు సగమే నిండి ఉంటాయి.

పోటీ అయ్యాక జలాశయం వదిలేటప్పుడు బోటులోని నీళ్లన్నీ ర్యాంపు దగ్గరే కార్చేయాలి. జీబ్రా మసెల్ అనే ఆల్చిప్ప పిల్లలు కంటికి కనిపించకుండా ఆ నీళ్లలోనే వేరే జలాశయాలకు పాకుతాయి కాబట్టి టెక్సాస్‌లో 2014 నుంచి ఇది చట్టం. బోటు అడుగున నీళ్లు పోయే రంధ్రానికి బిగించే ప్లగ్గు తీసి, తొట్టి ఖాళీ చేసి, ట్రైలరుకు చుట్టుకున్న నాచు పీకేయాలి. తీసిన ఆ ప్లగ్గును జేబులో వేసుకోకండి, కప్పు హోల్డర్‌లో పెట్టకండి. కిల్ స్విచ్ తాడుకు కట్టేయండి. దాన్ని చేతిలోకి తీసుకోకుండా ఇంజను తిప్పలేరు కాబట్టి, వచ్చే పోటీ రోజు తెల్లవారుజామున 5 గంటలకు, వెనక నలభై ట్రైలర్లు హెడ్‌లైట్లు వేసుకుని నిలబడి ఉండగా, బోటు నీళ్లలోకి జారే ముందే ప్లగ్గు కంటబడుతుంది.